ఉగ్గుగిన్నె: మెతుక్కి భయం, పల్లీకి ధైర్యం

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ తిండి గురించే. ఎప్పుడూ జ్వరాలు, దద్దుర్లు, రాత్రి ఏడుపులు అని రాసేవాళ్ళు కూడా ఈసారి ముద్దలు, ముక్కలు, గింజలు అని రాశారు. పండగ నెల కదా, ఇంటినిండా గింజలే ఉంటాయి. కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట: నేను డాక్టర్ని కాదు. 31 ఏళ్ళు పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. చూసింది చెబుతాను, డాక్టరుకు చూపించాల్సిన చోట చూపించమనే చెబుతాను.

ప్రశ్న: మా పాపకు ఏడున్నర నెలలు. ఆరు నెలలు నిండినప్పటి నుంచి అన్నం, పప్పు, క్యారెట్ కలిపి మిక్సీలో వేసి పెడుతున్నాం. పోయిన వారం మొదటిసారి చేత్తో మెదిపి పెట్టాను. రెండో ముద్దకే డోకొచ్చింది, మొహం ఎర్రగా కందిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అత్తయ్యగారు నన్ను కేకలేశారు. మళ్ళీ మిక్సీ మొదలుపెట్టాం. ఇలా ఎప్పటివరకు?
— ఒక తల్లి, తణుకు

తల్లీ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ పాపకు వచ్చింది డోకు. గొంతుకు అడ్డం పడటం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల చాలా ఇళ్ళల్లో పిల్లలు రెండేళ్ళ దాకా గుజ్జు మీదే బతుకుతున్నారు.

మనకు డోకు పుట్టే చోటు నాలుక చివర, గొంతుకు దగ్గరగా ఉంటుంది. ఆరేడు నెలల పిల్లకు అది ఇంకా ముందుకు, నాలుక మధ్యకు దగ్గరగా ఉంటుంది. కాస్త గరుకైనది అక్కడ తగిలితే చాలు, నాలుక దాన్ని బయటికి తోసేస్తుంది. అప్పుడు చప్పుడవుతుంది, దగ్గు వస్తుంది, మొహం ఎర్రబడుతుంది, ఒక్కోసారి తిన్నదంతా మన చీర మీదికి వస్తుంది. మరుక్షణం మళ్ళీ నోరు తెరుస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ చోటు వెనక్కి జరుగుతుంది, డోకులూ తగ్గుతాయి.

గొంతుకు నిజంగా అడ్డం పడితే మాత్రం చప్పుడు ఉండదు. పిల్ల ఏడవలేదు, దగ్గలేదు. నోరు తెరిచి ఉంటుంది, గాలి ఆడదు, పెదాలు నీలం తిరుగుతాయి. మనమేమో చప్పుడు చేసే పిల్ల దగ్గరికి ఇల్లంతా పరిగెత్తి, మాట్లాడకుండా కూర్చున్న పిల్లను చూసి ‘బుద్ధిగా తింటోంది’ అని మురిసిపోతాం. అందుకే పిల్ల తింటున్నంతసేపూ ఎదురుగా ఒక మనిషి ఉండాలి.

డోకొచ్చినప్పుడు మీరు చేయాల్సింది చాలా తక్కువ. పిల్లను కొంచెం ముందుకు వంచి, ఊరుకోండి. నోట్లో వేలు పెట్టకండి, బయటికి వస్తున్నది లోపలికి పోతుంది. నీళ్ళు పట్టకండి. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టడం మనకు అలవాటు. మా అమ్మ కూడా తట్టేది. దానివల్ల నష్టం లేదు, ఉపయోగమూ లేదు.

ఇక మిక్సీ సంగతి. ఒకసారి మా వార్డుకు మూడేళ్ళ బాబును నెమ్ముతో తెచ్చారు. వాళ్ళమ్మ బట్టల సంచితో పాటు మిక్సీ కూడా తెచ్చింది. ఇడ్లీ కూడా పాలు పోసి మిక్సీలో తిప్పితేనే తింటాడట. ఒక రోజు పెరుగన్నం పెట్టి చూశాం. ఒక మెతుకు నాలుక మీద పెట్టుకుని, మింగడం తెలియక, పావుగంట నోరు తెరుచుకుని కూర్చున్నాడు. పాపం వాడి తప్పేముంది, నమలడం నేర్చుకోవాల్సిన వయసులో నేర్పలేదు. చిన్న చిన్న పలుకులున్న తిండి తొమ్మిది, పది నెలల్లోపు అలవాటు కాకపోతే తర్వాత పేచీలు ఎక్కువవుతాయి. పళ్ళు రాలేదు కదా అంటారు. మెత్తటివి నమలడానికి చిగుళ్ళు చాలు. అనుమానముంటే మీ చూపుడువేలు పాప నోట్లో పెట్టి చూడండి, ఎంత గట్టిగా కొరుకుతుందో.

ఒక్కసారిగా మార్చొద్దు. ఈ వారం మిక్సీని మెత్తగా తిప్పకుండా ఒక్క తిప్పు తిప్పి ఆపండి. వచ్చే వారం పప్పుగుత్తి. ఆ తర్వాత మీ వేళ్ళే. ఎనిమిదో నెల నిండేసరికి మెత్తగా ఉడికిన బంగాళాదుంప, అరటిపండు, ఇడ్లీ ముక్క చేతికివ్వండి, సగం నేలపాలు చేసినా సరే. అన్నీ కలిపి రుబ్బితే క్యారెట్ రుచేదో పప్పు రుచేదో పిల్లకు తెలియదు. విడివిడిగా పెట్టండి.

పప్పుకట్టు పోస్తున్నారేమో, దాన్లో ఉండేది నీళ్ళు, ఉప్పు, పసుపు. అడుగున ఉన్న ముద్దపప్పు పాపది, పైన తేరిన కట్టు మీకు చారు పెట్టుకోవడానికి. ఆ ముద్దలో చుక్క నెయ్యి వేయండి. ఏడాదిలోపు పిల్ల తిండిలో వేరే ఉప్పు అక్కర్లేదు, రెండేళ్ళ దాకా చక్కెర అక్కర్లేదు. మొదట్లో రెండు మూడు చెంచాలతో మొదలైనది ఎనిమిదో నెలకు పావు లీటరు గిన్నెలో సగం వరకు పెరగాలి. రోజుకు రెండు మూడు సార్లు పెట్టాలి. మీ పాలు ఎప్పటిలాగే ఇవ్వండి.

ఇంకొక్కటి. కాళ్ళు చాపుకుని, పిల్లను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నె వంచి పోయడం మన పెద్దవాళ్ళ పద్ధతి. ఈ శీర్షికకు ఆ గిన్నె పేరే పెట్టుకున్నాను కానీ ఆ పద్ధతి వద్దు. పడుకున్న పిల్ల గొంతులో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. మీ ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. మెడ నిలబెట్టలేని పిల్లకు, ఆనుకుని కూడా కూర్చోలేని పిల్లకు ఇంకా తిండి మొదలుపెట్టే సమయం రాలేదు.

ప్రశ్న: మా మనవడికి 22 నెలలు. మంచి హుషారు. నేను పల్లీపట్టీ, పుట్నాలు చేతిలో పెడితే మా కోడలు వచ్చి లాక్కుంటుంది. నాలుగైదేళ్ళు వచ్చేదాకా పల్లీ గింజ పెట్టొద్దట! మేం మా పిల్లలకు పెట్టలేదా? వాళ్ళు పెరగలేదా? సెల్‌ఫోన్ చూపిస్తే ఇల్లంతా తిరుగుతూ ఎంతైనా తింటాడు. ఎవరిది తప్పో మీరే చెప్పండి.
— ఒక నాయనమ్మ, జగిత్యాల

పెట్టాం వదినా. మీరూ పెట్టారు, నేనూ పెట్టాను. నా సంగతి చెబుతాను వినండి.

మా రెండోవాడికి అప్పుడు 20 నెలలు. ఎండాకాలం సాయంత్రం, డాబా మీద మా ఆయన వేరుశనగకాయలు ఒలుస్తున్నారు. వాడు ఒక గింజ నోట్లో వేసుకుని, నవ్వుకుంటూ పరిగెత్తి, ఇంకో గింజకు వచ్చేవాడు. ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. రెండు నిమిషాలు దగ్గాడు, తగ్గిపోయింది, మళ్ళీ ఆటలో పడ్డాడు. పొలమారిందిలే అనుకున్నాం. మూడో రోజు నుంచి దగ్గు, రాత్రి పూట పిల్లికూతలు. ఊళ్ళో ఒక డాక్టరుకు చూపిస్తే ఉబ్బసం అన్నారు. ఎక్స్‌రే తీస్తే శుభ్రంగా ఉంది. మూడు వారాలు సిరప్‌లు పట్టాం. చివరికి నాతో పనిచేసే సీనియర్ సిస్టర్ ఒకావిడ స్టెతస్కోపు పెట్టి చూసి, ‘కుడిపక్క గాలి సరిగా ఆడటం లేదే, వీడు ఏమైనా మింగాడా?’ అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు డాబా. రోజూ పదిమంది తల్లుల్ని అదే ప్రశ్న అడిగేదాన్ని, నా బిడ్డ విషయంలో నన్ను నేను అడగలేదు. పెద్దాసుపత్రిలో మత్తిచ్చి, గొట్టం వేసి తీశారు. స్టీలు ట్రేలో అర పల్లీ బద్ద, నాని ఉబ్బిపోయి ఉంది. ఇప్పటికీ పల్లీలు నానబోసిన గిన్నె చూస్తే నాకు అదే కళ్ళముందు కనిపిస్తుంది.

పల్లీ మీద నాకు పగ లేదు కానీ దాని లక్షణాలు అలాంటివి. రెండేళ్ళ పిల్లవాడి ఊపిరి గొట్టం ఇంచుమించు వాడి చిటికెన వేలంత లావు. పల్లీ బద్ద దాన్లో సరిగ్గా పట్టేస్తుంది. ఎక్స్‌రేలో కనిపించదు. దాని నూనె లోపల వాపు తెస్తుంది, ఆ వాపు వల్ల ఇంకా బిగుసుకుంటుంది. మళ్ళీ మళ్ళీ ఒకే పక్క నెమ్ము వస్తుంటే పెద్ద డాక్టర్లు గింజను అనుమానించేది ఇందుకే. నమిలి తింటాడు కదా అంటారేమో. ముందు పళ్ళు కొరకడానికే పనికొస్తాయి. గింజను నలిపేవి దవడ పళ్ళు. చివరి పాలదవడలు రావడానికి రెండు, రెండున్నర ఏళ్ళు పడుతుంది. అవి వచ్చాక కూడా నోట్లో గింజ ఉండగా నవ్వకూడదు, పరిగెత్తకూడదు అన్న ఇంగితం రావడానికి ఇంకా టైం పడుతుంది. మీ కోడలు చెప్పిన నాలుగైదేళ్ళ లెక్క సరైనదే.

ఆమె తరఫున ఇంకొన్ని చేరుస్తాను, కోప్పడకండి. పుట్నాలు, బఠాణీలు, జీడిపప్పు, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, పచ్చి క్యారెట్ ముక్క. గుళ్ళో ప్రసాదంగా పెట్టే కొబ్బరి ముక్క, పటికబెల్లం. సీతాఫలం, సపోటా గింజలు తీసి గుజ్జు మాత్రమే పెట్టాలి. చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడితే లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. ద్రాక్షపండు గింజలేని రకమైనా అలాగే ఇవ్వకూడదు, నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి, అడ్డంగా కోస్తే గుండ్రం గుండ్రంగానే ఉంటుంది. పిల్లవాడికి ఉప్మా, పులిహోర పెట్టేటప్పుడు పోపులో పల్లీలు, శనగపప్పు ఏరేయండి. ఇది ఎవరికీ తట్టదు. సకినాలు మాత్రం పొడి చేసి పాలల్లో కలిపి పెట్టండి, పండగ పూట వాడినెందుకు ఏడిపించడం.

పల్లీ రుచి మాన్పించమని కాదు నేను చెప్పేది. మెత్తగా దంచిన పల్లీపొడి అన్నంలో నెయ్యితో కలపండి, నున్నగా రుబ్బిన పల్లీ చట్నీ కారం లేకుండా పెట్టండి. 2015లో లండన్‌లో 640 మంది చంటిపిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. తామర (ఎగ్జిమా), గుడ్డు అలర్జీ లాంటివి ఉన్న పిల్లలకు కూడా ఏడాదిలోపే వేరుశనగను తగిన రూపంలో అలవాటు చేస్తే, అస్సలు పెట్టని వాళ్ళకన్నా వేరుశనగ అలర్జీ బాగా తక్కువగా వచ్చింది. తీవ్రమైన తామర గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న పిల్లకైతే డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. మిగతా ఇళ్ళల్లో పొడి, ముద్ద రూపంలో భయం లేకుండా పెట్టొచ్చు. గింజగా మాత్రం వద్దు.

ఫోన్ గురించి మీరే రాశారు, ఎంతైనా తింటాడని. ఎంత తింటున్నాడో వాడికి తెలియదు, అదే బాధ. కళ్ళు ఫోన్లో ఉంటే నోరు నమలడం మరిచిపోతుంది, తిరుగుతూ తింటే ఇంకా ప్రమాదం. ఒక పీట వేసి కూర్చోబెట్టండి. మొదటి నాలుగు రోజులు తక్కువ తింటాడు, తిననివ్వండి. కడుపు నిండితే మొహం తిప్పుకుంటాడు, అప్పుడు ఆపేయండి.

ఇప్పుడు రాసేది మీరూ మీ కోడలూ కలిసి చదవండి. పాత దిండు మీద ఒకసారి చేసి చూస్తే ఇంకా మంచిది. గింజ అడ్డం పడి, చప్పుడు ఆగిపోయి, మొహం మారుతుంటే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు పిల్లవాణ్ణి అందుకోవాలి. ఏడాది దాటినవాణ్ణి ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య, మణికట్టు దగ్గరి అరచేతి మెత్తతో 5 సార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వాడి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పొట్ట చుట్టూ చేతులు వేసి, బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ 5 సార్లు నొక్కాలి. మళ్ళీ వీపు, మళ్ళీ పొట్ట. ఏడాదిలోపు పిల్లకు పొట్ట నొక్కకూడదు. ముంజేయి మీద బోర్లా వేసుకుని, తల ఒంటికన్నా కిందికి ఉంచి, దవడ పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు వేయాలి. తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మెత్తతో 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటపడి ఏడుపు వినిపించేదాకా ఆపకూడదు. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం, నోట్లోకి ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి, 108 వాళ్ళు ఫోన్‌లో చెబుతుంటారు.

గింజ కళ్ళకు కనిపిస్తేనే తీయండి. కనిపించని దానికోసం వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపొద్దు, అరటిపండు మింగించొద్దు. గట్టిగా చప్పుడొచ్చేలా దగ్గుతున్న పిల్లవాణ్ణి మాత్రం దగ్గనివ్వండి, వాడి దగ్గును మించిన వైద్యం లేదు. అంతా తగ్గిపోయినట్టు కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించండి. ‘గింజ తింటుండగా దగ్గు మొదలైంది’ అన్న మాట తప్పకుండా చెప్పండి. నేను చెప్పని మాట అదే.

ప్రశ్న: మా అమ్మాయికి నాలుగున్నర నెలలు. ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాసన చేయాలని ఐదో నెలలో ముహూర్తం పెట్టించారు. పాయసంతో పాటు నాలుకకు తేనె రాయాలంటున్నారు. చేయొచ్చా?
— గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

ఏడు కూడా బేసి సంఖ్యే కదమ్మా. ఆరు నెలలు నిండి ఏడో నెల నడుస్తున్నప్పుడు చేయించండి. శాస్త్రానికి శాస్త్రం, పిల్లకు సరిగ్గా 180 రోజులు తల్లిపాలు. పురోహితులను మర్యాదగా అడిగితే ముహూర్తం మార్చి ఇస్తారు, వాళ్ళకు మనకన్నా ఎక్కువ సర్దుబాట్లు తెలుసు. అప్పటిదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, ఎండాకాలమైనా సరే.

తేనె మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. తేనెలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి పెరగవు. చంటిపిల్ల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, కండరాలు చచ్చుబడిపోతాయి. పుట్టతేనె అయినా, అడవి తేనె అయినా, కాచి చల్లార్చినా లాభం లేదు, ఇంట్లో మరిగించే వేడికి ఆ బీజాలు చావవు.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. బాబుకు ఎనిమిది నెలలు. నా భార్య వాడి ముందు పళ్ళెం పెట్టి, బ్రొకొలీ, అవకాడో ముక్కలు వాడి చేత్తోనే తిననిస్తోంది. ఖమ్మం నుంచి వచ్చిన మా అమ్మ చెంచాతో తినిపిస్తానంటోంది. ముక్కలు చూసి ఆవిడకు బీపీ పెరుగుతోంది. మధ్యలో నేను.
— ఒక తండ్రి

బాబూ, మీ ఇంట్లో ఇద్దరూ సరిగ్గానే ఉన్నారు. మధ్యాహ్నం అమ్మగారి ముద్దపప్పు అన్నం చెంచాతో, సాయంత్రం మీ ఆవిడ పళ్ళెం. రెండు పద్ధతులూ కలిపినందుకు ఏ పిల్లవాడూ చెడిపోలేదు.

మీ అమ్మగారి భయం తీరడానికి ఒక పరీక్ష చెబుతాను. ముక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కమనండి. మెత్తగా చితికిపోతే బాబు చిగుళ్ళ మధ్య కూడా చితుకుతుంది, పెట్టొచ్చు. చితకకపోతే ఇంకా ఉడకాలి. ఆ పరీక్షలో పచ్చి యాపిల్ ముక్క ఎప్పటికీ పాసవదు. ముక్క పెద్దవాళ్ళ వేలంత పొడుగు ఉంటే ఈ వయసులో వాడు పిడికిలితో పట్టుకుని చివర కొరుక్కోగలడు. పొడుగ్గా కోసిన ఇడ్లీ, ఆవిరికి ఉడికించిన క్యారెట్, ఆమ్లెట్ ముక్క, మగ్గిన మామిడి చెంప, ఇవన్నీ ఖమ్మం వాళ్ళకూ తెలిసినవే. మీ దగ్గర దొరికే సాసేజ్‌ను మాత్రం నాణేల్లా గుండ్రంగా కోసి పెట్టకండి, అక్కడ పిల్లల గొంతుకు అడ్డంపడే వాటిలో అది పేరుమోసినది.

వాడి చేతికిచ్చేవన్నీ కూరగాయలే అయితే ఐరన్ చాలదు. పుట్టుకతో వచ్చిన నిల్వ ఆరు నెలల దగ్గర అయిపోవస్తుంది. గుడ్డు, పప్పు, మెత్తటి చికెన్ కీమా రోజూ ఏదో ఒకటి ఉండాలి. డబ్బా బియ్యపు సిరియల్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. బియ్యం నేలలోని ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ఓట్స్, గోధుమ, రాగి మార్చి మార్చి పెట్టండి. బియ్యం ఒక్కటే కాకుండా వేరే ధాన్యాలు కూడా పెట్టమని మీ దేశపు ఆహార సంస్థ ఎఫ్‌డీఏ కూడా చెబుతోంది. మీ అమ్మగారికి 911 నొక్కడం, ఇంటి అడ్రసు ఇంగ్లీషులో చెప్పడం నేర్పారా? పగలంతా బాబుతో ఇంట్లో ఉండేది ఆవిడే కదా.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల కోసం బాలామృతం పొడి ఇస్తే కొందరు తల్లులు నీళ్ళలా కలిపి పాలసీసాలో పోసి పట్టిస్తున్నారు. చిక్కగా ఉంటే గొంతులో ఇరుక్కుంటుందని భయమట. ఏం చెప్పి ఒప్పించాలి?
— ఉట్నూరు

టీచర్ గారూ, ఇది చాలా మంచి ప్రశ్న. ఎనిమిది నెలల పిల్ల పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు పావు లీటరు. అది నీళ్ళతో నిండితే తిండికి చోటేది? మీటింగులో రెండు గిన్నెల్లో కలిపి చూపించండి. చెంచా వంచితే ధారగా కారిపోయేది ఒకటి, చెంచాకు అంటుకుని ముద్దగా జారేది ఇంకొకటి. రెండోదే పిల్ల బరువు పెంచేది. మాటలకన్నా ఇది బాగా పనిచేస్తుంది, నేను చేసి చూశాను. సీసా మానేయమని గట్టిగానే చెప్పండి. జావ దిగాలని సీసా పాలపీకకు సూదితో కన్నం పెద్దది చేస్తారు, ధార ఒక్కసారిగా గొంతులోకి పోతుంది. వాళ్ళు భయపడే ప్రమాదం అసలు అక్కడే ఉంది. గిన్నె, చెంచా చాలు.

7 నెలల నుంచి 3 ఏళ్ళ పిల్లకు నెలకు రెండున్నర కిలోలు ఇస్తారంటే రోజుకు 100 గ్రాములు కాస్త తక్కువ. అది ఇంటిల్లిపాదీ పంచుకుంటే పిల్లకు మిగిలేదేమీ ఉండదు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె వరకు బాగానే ఉంది. దాన్లో కలిపే చక్కెర మాత్రం నాకు నచ్చదు. అయినా ఇంట్లో గంజి తప్ప ఇంకేమీ లేని పిల్లకు అది కూడా వద్దనలేను. గుడ్డు కలిపి పెట్టమని చెప్పండి.

రాగులున్న ఇళ్ళకు ఒక చిట్కా. రాగులు నానబెట్టి, మొలక కట్టి, ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించాలి. మొలకెత్తేటప్పుడు గింజలో పిండి పదార్థం కొంత విరిగిపోతుంది. కాబట్టి ఆ పిండి ఎక్కువ వేసినా జావ గడ్డకట్టదు, నీళ్ళు పోయకుండానే మింగడానికి వీలుగా ఉంటుంది. నిమ్మకాయ చుక్క పిండితే రాగిలోని ఐరన్ ఇంకాస్త ఒంటికి పడుతుంది. టీ పోస్తే పట్టదు. ఏడాది పిల్లకు టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది, అది మాన్పించండి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, 1 మి.లీ. చొప్పున 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా వేస్తున్నారో లేదో కూడా పనిలో పనిగా అడగండి. సీసా అటక మీద మూత తీయకుండా ఉండటం నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

ప్రశ్న: మా బాబుకు 11 నెలలు. మొదటి భోగి. భోగిపళ్ళు పోయాలని అందరికీ సరదా. గింజలు నోట్లో పెట్టుకుంటాడేమోనని నాకు భయం. మానేయమంటారా?
— అమలాపురం

మానేయడం ఎందుకమ్మా, మొదటి భోగి మళ్ళీ వస్తుందా! రేగుపళ్ళు, నానబెట్టిన శనగలు, చెరుకు ముక్కలు, చిల్లర నాణేలు, ఒక్క పళ్ళెంలో ఇన్ని ప్రమాదాలు కూర్చిన పండగ ఇంకోటి లేదనుకోండి. అయినా బంతిపూల రేకులు, అక్షింతలు ఎక్కువ వేసి, రేగుపళ్ళు నాలుగైదు లెక్కపెట్టి వేయండి. శనగలు, నాణేలు ఆశీర్వాదంగా పిల్లవాడి తల చుట్టూ తిప్పి వేరే గిన్నెలో వేసేయొచ్చు. మా ఇంట్లో అలాగే చేస్తాం, దేవుడు ఇంతవరకు ఏమీ అనలేదు.

పాత దుప్పటి పరిచి, మీరు బాబును ఒళ్ళో పెట్టుకుని దాని మధ్యలో కూర్చోండి. వాడి రెండు చేతులూ ఒకరు పట్టుకోండి. పోయడం, హారతి, ఫోటోలు అయిపోగానే మీరు వాణ్ణి ఎత్తుకుని పక్కగదిలోకి వెళ్ళిపోవాలి, ఇంకొకరు దుప్పటి నాలుగు కొసలూ కలిపి మూటగట్టేయాలి. నాణేల కోసం ఎగబడే పెద్దపిల్లలను ముందే వీధి అరుగు మీదికి పంపండి. ఆ తోపులాటలోనే గింజలు మూలమూలకూ దొర్లుతాయి.

ఆ తర్వాత ఎవరో ఒకరు టార్చి వేసి మంచాల కింద, దివాన్ కింద, ఫ్రిజ్ వెనక చూడాలి. మా మనవడు భోగినాడు కాదు, కనుమనాడు దొరికాడు మంచం కింద, చేతిలో శనగ గింజతో.